పేరు లేని వరుస: బోధన్ చెరకు ప్రాంతపు ఛాయాచిత్రాల్లో కుటుంబచరిత్ర అన్వేషణ

స్థానిక చరిత్ర రచనకు ఆధారాలను లెక్కించేటప్పుడు మన పరిశోధకులు శాసనం, కైఫీయత్తు, తాళపత్రం, స్థలపురాణం, మౌఖిక కథనం అనే వరుసను పాటిస్తారు. ఛాయాచిత్రం ఈ వరుసలో ఆలస్యంగా చేరింది. చేరిన తరువాత కూడా అది చాలాచోట్ల ఆధారంగా కాక అలంకారంగానే మిగిలిపోయింది. గ్రంథంలో రెండు అధ్యాయాల నడుమ ఒక చిత్రం, దాని కింద ఒక వాక్యం ఉంటాయి. పాఠకుడు ఆ వాక్యాన్ని చదివి చిత్రాన్ని చూశాననుకుంటాడు.

ఇందుకు భిన్నంగా చూసేవారు ఒకరున్నారు. పాత చిత్రం ముందు నిలబడి, కింది వాక్యాన్ని వదిలి, వెనుక వరుసలో తన తాత ఉన్నాడేమోనని వెతికే సందర్శకుడు అతడు. అతని చూపు పరిశోధకుని చూపు కాదు. దానికి పద్ధతి లేదు, మమకారం ఉంది. అయినా చిత్రంలోని ప్రతి ముఖాన్నీ విడివిడిగా చూసేది అతడొక్కడే. ఆ చూపును విమర్శపద్ధతిగా మలచుకోవడం సాధ్యమా, సాధ్యమైతే దాని హద్దులేమిటి అన్నది ఈ వ్యాసం విషయం. పరిధి నిజామాబాదు పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం. కర్మాగారాల, ప్రాజెక్టుల చిత్రాలలో శ్రామిక కుటుంబాల జాడ దొరకకపోవడానికి వారు చిత్రంలో లేకపోవడం కారణం కాదనీ, చిత్రం కింద రాసే వాక్యం నిర్మాణమే ముఖ్య కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వాక్యాన్ని ఇక్కడ ‘చిత్రవ్యాఖ్య’ అని వ్యవహరిస్తున్నాను.

ప్రాంతం – ప్రదర్శనశాల

ఇందూరు నిజామాబాదుగా మారింది 1905లో. అప్పటికి రైలు వచ్చింది. 1923లో మంజీర నదిపై మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931 నాటికి పూర్తయింది. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరందించడం దాని లక్ష్యం. ఆ నీటి వెంట కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతులు బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ పరిసరాలకు వలస వచ్చారు. వారి నివాసాలకు నేటికీ ‘క్యాంపు’ అన్న పేరే నిలిచింది. నీటిని చక్కెరగా మార్చే పని 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చేపట్టింది. బోధన్ పక్కన దాని చుట్టూ ఏర్పడిన ఊరు షక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారంగా దానికి ప్రసిద్ధి ఉండేది. స్థానిక తెలుగువారు, సరిహద్దుకు ఆవలి మరాఠీవారు, ఉర్దూ మాట్లాడే పనివారు, లంబాడా కుటుంబాలు, కోస్తా నుంచి వచ్చిన రైతులు ఒకే గంటకు లేచి ఒకే గంటకు పడుకున్న ప్రాంతం ఇది.

2002లో కర్మాగారంలో అధిక వాటా ప్రైవేటు యాజమాన్యానికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. 2019లో లిక్విడేషన్ ఆదేశాలు వచ్చాయి. మూతపడిన సంస్థ ఆస్తులకు విలువ కట్టేటప్పుడు భూమి, యంత్రం, ఇనుము లెక్కకు వస్తాయి. గోడకు వేలాడిన సమూహచిత్రం, బీరువాలోని ఆల్బమ్, హాజరుపట్టీ ఆ లెక్కకు రావు. ఈ వ్యాసానికి తక్షణ ప్రేరణ ఆ వాస్తవమే. కార్మికులలో మొదటి తరం గతించింది. రెండవ తరం వృద్ధాప్యంలో ఉంది. చిత్రంలోని ముఖాన్ని చూసి పేరు చెప్పగలిగినవారు ఏటికేడు తగ్గిపోతున్నారు.

ఈ చరిత్రకు స్థానిక ప్రదర్శనశాలలో చోటేమిటి? నిజామాబాదు తిలక్ గార్డెన్‌లోని పురావస్తు, వారసత్వ ప్రదర్శనశాల 2001లో ప్రారంభమైంది. శిల్పాలు, కాంస్యాలు, బిద్రీ పనితనం, ఆయుధాలు దాని ముఖ్య సంపద. ప్రాచీన శిలాయుగం నుంచి విజయనగర కాలం వరకు మానవ నాగరికత పరిణామాన్ని చూపడం దాని ప్రణాళిక. పురావస్తు దృష్టికి ఆ ప్రణాళిక సహజమే. అయితే ‘మన జిల్లా చరిత్ర’ అన్న భావన ప్రజల మనసులో ఆ భవనంతోనే ముడిపడుతుంది. కనుక మన చరిత్ర రాతితో మొదలై చెరకు రాకముందే ముగిసిపోయిందన్న అభిప్రాయం కలుగుతుంది. షక్కర్‌నగర్ కుటుంబానికి అక్కడ పూర్వీకులు దొరకవచ్చు గాని తాత దొరకడు. అతడు కర్మాగార చిత్రాల్లో, వార్షిక నివేదికల్లో, సభల స్మృతిచిత్రాల్లో, ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లో చెల్లాచెదురుగా ఉన్నాడు. ప్రదర్శనశాల అన్న మాటను ఈ వ్యాసం ఆ విస్తృతార్థంలోనే తీసుకుంటున్నది.

చిత్రవ్యాఖ్య వ్యాకరణం

ఇరవయ్యవ శతాబ్ది తొలి సగంలో సంస్థల సమూహచిత్రానికి దాదాపు స్థిరమైన రూపం ఉంది. మధ్యలో కుర్చీలు, కుర్చీల్లో అధికారులు. వెనుక నిలబడినవారు గుమాస్తాలు, ఫోర్‌మన్లు. ముందు నేల మీద కూర్చున్నవారు, లేదా అన్నింటికన్నా వెనుక బల్లలెక్కి నిలబడినవారు పనివారు. వ్యాఖ్య సాధారణంగా కుర్చీల వద్ద మొదలై కుర్చీల వద్దే ముగుస్తుంది. నిలబడినవారిలో కొందరి పేర్లు రావచ్చు. మిగిలినవారికి ‘సిబ్బంది’, ‘కూలీలు’ అన్న సమూహవాచకం సరిపోతుందని భావిస్తారు. యంత్రాల చిత్రాల్లోనైతే మనిషి కొలమానం మాత్రమే. చక్రం ఎంత పెద్దదో తెలియడానికి దాని పక్కన ఒకరిని నిలబెడతారు. వ్యాఖ్య చక్రం గురించి చెబుతుంది.

ఈ లోపాన్ని వర్గదృష్టి అనో పాలకుల నిర్లక్ష్యం అనో చెప్పి ఊరుకోవచ్చు. అది నిజమే కాని అసంపూర్ణం. ఈ మౌనానికి మన భాషలోనే ఒక సదుపాయం ఉంది. అది ప్రేరణార్థక క్రియ. కట్టు – కట్టించు, తవ్వు – తవ్వించు, నాటు – నాటించు. ప్రేరణార్థక వాక్యంలో ఇద్దరు కర్తలుంటారు: పని చేయించే ప్రేరక కర్త, పని చేసే ప్రేర్య కర్త. ప్రేర్య కర్త తృతీయా విభక్తిలో ‘చేత’ అన్న ప్రత్యయంతో వస్తాడు. ‘ప్రభువు కూలీలచేత ఆనకట్ట కట్టించాడు’ అన్నది పూర్తి వాక్యం. కానీ ‘ప్రభువు ఆనకట్ట కట్టించాడు’ అన్నా వాక్యానికి లోపం రాదు. ‘కూలీలచేత’ అన్న పదాన్ని తొలగించినా వ్యాకరణం నొచ్చుకోదు. వినేవాడికి ఏదో తగ్గిందని అనిపించదు. మన చరిత్ర వాక్యం ఈ వెసులుబాటు మీదే నడుస్తున్నది. నిజాంసాగర్‌ను ఏడవ నిజాం కట్టించాడు. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు కట్టించాడు. మొదటి వాక్యంలో మహా అయితే ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు చేరుతుంది. ఆపైన ‘చేత’ లేదు.

రామప్ప గుడి ఉదాహరణ ఇక్కడ మరో విధంగా ఉపయోగపడుతుంది. ఆ ఆలయం కట్టించినవాని పేరుతో కాక శిల్పి పేరుతో ప్రసిద్ధమైందని లోకప్రతీతి. శాసనం ప్రేరక కర్తను నిలిపితే జనవ్యవహారం ప్రేర్య కర్తను నిలిపిందన్నమాట. ప్రతీతి చారిత్రకంగా ఎంతవరకు రుజువైనా, కాకపోయినా, లోపించిన ‘చేత’ను పూరించాలన్న ఆరాటం జనంలో ఉన్నదని అది చెబుతున్నది. పాత చిత్రంలో తాతను వెతికే సందర్శకుని ఆరాటమూ అదే. కుటుంబచరిత్ర అన్వేషణ అంటే, వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, చరిత్ర వాక్యం వదిలివేసిన తృతీయా విభక్తిని వెతకడం.

1937వ సంవత్సరమే ఈ వ్యత్యాసాన్ని స్పష్టంగా చూపుతుంది. కర్మాగారం స్థాపితమైన ఆ ఏడే నిజామాబాదులో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. మహాసభ చరిత్ర మనకు పేర్లతో అందింది. అధ్యక్షులు, వక్తలు, తీర్మానాలు తెలుసు. దానికి మూడేళ్ల ముందు, 1934లో, సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులను పేర్లతో సహా నిలబెట్టి తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబిచ్చారు. పేర్ల పట్టికే ఒక వాదం కాగలదని ఆ సంచిక నిరూపించింది. కానీ అక్షరం చేతిలో ఉన్నవారికే ఆ పట్టికలో చోటు. అదే దశాబ్దిలో చెరకు నరికినవారికి, బండ్లు తోలినవారికి, బాయిలర్ల దగ్గర నిలబడినవారికి అటువంటి సంచిక రాలేదు.

పేరుతో మిగిలిన ముఖం: మారిషస్

చెరకుతోనే ముడిపడిన మరో తెలుగు సమూహానికి ఇందుకు విరుద్ధమైన అనుభవం ఎదురైంది. 1834 నుంచి ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్ది వరకు భారతదేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలు మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. వారిలో గంజాం, విశాఖ, గోదావరి మండలాల తెలుగువారున్నారు. కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ ‘కోరింగీలు’ అన్నారు. వచ్చిన ప్రతి కూలీకి ఒక సంఖ్య ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, ఊరు, జిల్లా, ఓడ వివరాలను రిజిస్టర్లలో రాశారు. ఒప్పందం ముగిసిన పాత కూలీలు తమ ఫొటో అతికించిన టికెట్టును వెంట ఉంచుకోవాలని 1867 నాటి చట్టం నిర్బంధించింది. టికెట్టు చూపలేనివాడు దేశదిమ్మరిగా అరెస్టు కావచ్చు. ఈ నిర్బంధాలకు వ్యతిరేకంగా అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ సహాయంతో 1871లో 9,401 మంది పాత కూలీలు అర్జీ పెట్టుకున్నారు.

ఆ రిజిస్టర్లు, ఛాయాచిత్రాలు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ అభిలేఖాగారంలో ఉన్నాయి. వారసులు అక్కడికి వెళ్లి పూర్వీకుల వివరాలు తెలుసుకుంటున్నారు. కూలీని పట్టుకోవడానికి తీసిన ఫొటో అతని మునిమనవడికి వంశవృక్షపు వేరు అయింది. ఇక్కడొక చేదు నిజాన్ని గుర్తించక తప్పదు. నిఘా కోసం తీసిన చిత్రం పేరును మిగిల్చింది. ఘనత చాటడానికి తీసిన చిత్రం పేరును మింగింది. మారిషస్ అధికారికి ఆ ఒక్క మనిషి ఎవరో తెలియాలి, తప్పించుకుంటే పట్టుకోవాలి కనుక. కర్మాగార నివేదికకు ఆ ఒక్క మనిషితో పని లేదు. మనుషులు ఎంతమందో కనిపిస్తే చాలు.

అయితే మారిషస్ పేరును స్వచ్ఛమైన పేరుగా భావించరాదు. విన్నది విన్నట్టు రాసుకున్న గుమాస్తా చెవిలో తెలుగు పేరు వంకరపోయింది. ఇంటిపేరు చాలావరకు జారిపోయింది. తండ్రి పేరు తరువాతి తరంలో ఇంటిపేరై కూర్చుంది. పైగా ఆ చిత్రంలో కూలీ తన ఇష్టంతో నిలబడలేదు. అందుచేత మనం కోరవలసింది మారిషస్ తరహా పట్టిక కాదు. అటువంటి బలవంతం లేకుండా అంతటి నిర్దిష్టతను సాధించడం ఎలా అన్నదే ప్రశ్న. దానికి సమాధానం వెతకడానికి బొమ్మకూ పేరుకూ మధ్య మన సంప్రదాయం కల్పించిన సంబంధాన్ని చూడాలి.

పటం – కథకుడు

బొమ్మను చూపి వంశం చెప్పే విద్య తెలంగాణకు కొత్త కాదు. చేర్యాల నకాశీ చిత్రకారులు గీసిన పటాలను పట్టుకుని ఆశ్రిత కులాల కథకులు తమ దాతృకులాల పుట్టుపూర్వోత్తరాలు గానం చేశారు. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఇందుకు ప్రసిద్ధులు. పిచ్చుకుంట్లవారు పటం లేకుండానే గోత్రాలు, ఇంటిపేర్లు ఏకరువు పెట్టారు. ఈ సంప్రదాయంలో పటం ఒంటరిగా ఉండదు. దాని పక్కన కర్ర పట్టుకున్న కథకుడు ఉంటాడు. ఎదురుగా ఆ కథలో తమ పేరు వినడానికి వచ్చిన కుటుంబాలుంటాయి. కథకుడు కర్రతో ఒక బొమ్మను తాకినప్పుడే ఆ బొమ్మకు పేరు వస్తుంది. చెప్పేవాడు పోయిన తరువాత ప్రదర్శనశాల గాజు వెనుక చేరిన పటం అందమైన వస్తువవుతుంది గాని వంశకథ కాదు.

కర్మాగార ఛాయాచిత్రం కథకుడు లేని పటం. దానిమీద కర్ర ఆనించి ‘ఇతడు ఫలానా’ అని చెప్పే అధికారం మిరాశిగా ఎవరికీ సంక్రమించలేదు. ఆ ఖాళీలోకి చిత్రవ్యాఖ్య వచ్చి కూర్చుంది. వ్యాఖ్య కథకుడు కాదు. అది ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది, ఎదుట ఎవరున్నారో చూడదు. ఈ పోలికను ఇంతకన్నా సాగదీయకూడదు. కులకథకుడు నిష్పాక్షికుడు కాడు. దాతను పొగడడం అతని బతుకుతెరువు. అతని పరిధి కులం. పలు కులాలు, మతాలు, భాషలు కలిసి పనిచేసిన షక్కర్‌నగర్ వరుసను చెప్పగలిగే కథకుడు సంప్రదాయంలో లేడు. ఆ పనికి కొత్త కథకులు కావాలి. వారు పదవీ విరమణ చేసిన కార్మికులు, వారి భార్యలు, క్వార్టర్లలో పెరిగిన పిల్లలు.

గోడ మీది రాత చెరిగినా చదివినవారి నోట బతుకుతుందనడానికి నిజామాబాదులోనే ప్రసిద్ధ నిదర్శనం ఉంది. ఇందూరు ఖిల్లా జైలులో దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారన్నదీ, తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామితో ఆయనకు గల అనుబంధమూ సాహిత్య చరిత్రలో భాగమే. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. అక్కడ రాసినవాడు మహాకవి కనుక గోడ చరిత్రకెక్కింది. చూసినవాని జ్ఞాపకమే ఆధారమైనప్పుడు, ఆ జ్ఞాపకం ఎవరి గురించినదైతే నమ్ముతాం, ఎవరి గురించినదైతే సందేహిస్తాం అన్నది విమర్శకుడు తనను తాను వేసుకోవలసిన ప్రశ్న.

పోలిక, సాక్ష్యం, పత్రం

కుటుంబసభ్యుని గుర్తింపును ఎంతవరకు నమ్మాలి? రోలాఁ బార్త్ 1980లో వెలువరించిన ఛాయాచిత్ర గ్రంథంలో, చనిపోయిన తల్లిని పాత చిత్రాల్లో వెతుకుతూ చివరికి ఆమె బాల్యచిత్రంలో ఆమెను కనుగొంటాడు. ఆ చిత్రాన్ని మాత్రం పుస్తకంలో ముద్రించడు. అది తనకు తప్ప ఇతరులకు వేల చిత్రాల్లో ఒకటి మాత్రమేనని ఆయన కారణం చెబుతాడు. గుర్తింపు ఒకరి నుంచి మరొకరికి బదిలీ కాదన్నది ఆ వాదంలోని సారం. బోధన్ చిత్రాల విషయంలో సమస్య తలకిందులుగా ఉంది. ఇక్కడ చిత్రం ముందే బహిరంగం. అందులోని ఆంతరంగికమైన అర్థమే బయటికి రాలేదు. అది బయటికి రావాలంటే ఒకరి గుర్తింపు ఇంకొకరు పరిశీలించదగిన రూపంలో నమోదు కావాలి.

ఇందుకు తెలంగాణ వాడుక భాషే దారి చూపుతుంది. పాత చిత్రం చూసినవారు ‘మా తాత లెక్కనే ఉన్నడు’ అంటారు. ‘ఈయన మా తాత’ అంటారు. ‘మా తాత గీడ పని చేసిండంట’ అంటారు. ఈ మూడూ వేర్వేరు స్థాయుల నిశ్చయాలు. ‘లెక్కనే’ అన్నది పోలిక. మొదటిది కోరిక నుంచి పుట్టి ఉండవచ్చు. వెతికేవాని కంటికి పోలిక త్వరగా దొరుకుతుంది. రెండవది సాక్ష్యం. మూడవదానిలోని ‘అంట’ విన్న మాట అని ఒప్పుకుంటున్నది. ఈ తేడాలను మాట్లాడేవారు ఎంతో జాగ్రత్తగా పాటిస్తారు. పరిశోధకుడు రాసుకునేటప్పుడే అవి చెరిగిపోయి, మూడూ ‘చిత్రంలో ఉన్నది ఫలానా’ అన్న ఒకే వాక్యంగా మారుతాయి. చిత్రవ్యాఖ్య చేసిన తప్పునే పరిశోధకుడు తిరిగి చేస్తున్నాడన్నమాట. పేరు చేర్చడం ఎంత ముఖ్యమో, ఆ పేరు చెప్పినవారి ‘లెక్కనే’, ‘అంట’ అన్న మాటలను అలాగే ఉంచడం అంతే ముఖ్యం.

పోలికకు, సాక్ష్యానికి తోడు పత్రం ఉంది. హైదరాబాదు రాజ్యపు దస్తావేజుల్లో మనిషి గుర్తింపు ‘ఫలానా వల్ద్ ఫలానా’ అన్న పద్ధతిలో ఉంటుంది. స్త్రీ అయితే ‘జౌజే’ ఫలానా. వల్ద్ తండ్రిని చెబుతుంది, జౌజే భర్తను చెబుతుంది. తెలుగు కుటుంబం తనను తాను గుర్తించుకునే ఇంటిపేరు ఈ రెండింటిలోనూ తప్పనిసరి కాదు. చిత్రంలోని ముఖాన్ని దస్తావేజులోని పేరుతో కలపాలంటే ఈ అంతరాన్ని దాటవలసి ఉంటుంది. స్త్రీల విషయంలో అంతరం మరీ పెద్దది. నాట్లలో, కలుపులో, నరుకుడులో సగం పని స్త్రీలదే అయినా సమూహచిత్రంలో వారు అరుదు. పొలం చిత్రాల్లో కనిపించినా ముఖం కన్నా వంగిన వీపే ఎక్కువగా కనిపిస్తుంది. పెళ్లితో మారిన ఇంటిపేరు వల్ల పుట్టినింటివారు ఒక పేరుతో, మెట్టినింటివారు మరో పేరుతో వెతుకుతారు. కనుక స్త్రీ గుర్తింపును నమోదు చేసేటప్పుడు రెండు ఇంటిపేర్లూ, రెండు ఊళ్లూ అడగడం పద్ధతిలో భాగం కావాలి.

పేరు పెట్టకూడని చోటు

ప్రతి ముఖానికీ పేరు కావాలన్న వాదానికి ఈ జిల్లాలోనే ఒక హద్దు ఉంది. నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లిలో 1915లో వెస్లియన్ మిషన్ తరఫున డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠువ్యాధి ఆస్పత్రిని నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ దాతృత్వం దానికి తోడైంది. చాల్‌మూగ్రా జాతి నూనెలతో అక్కడ చేసిన చికిత్స పేరు పొందింది. రోగుల చిత్రాలను ప్రచురించి దూరదేశాల దాతలను కదిలించడం ఆ కాలపు మిషన్ పత్రికల సాధారణ రీతి. అటువంటి చిత్రంలో ముఖం స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ ముఖానికి పేరు చేర్చడం మేలు అవుతుందా? ఆ వ్యాధి పేరు చెప్పి మనిషిని ఊరి బయట ఉంచిన సమాజం ఇది. పెళ్లిసంబంధం మాట్లాడేటప్పుడు దాచిన విషయాన్ని ప్రదర్శనశాల గోడ బయటపెట్టరాదు.

ఇక్కడ పేరు లేకపోవడం నిర్లక్ష్యం కావచ్చు, రక్షణ కూడా కావచ్చు. రెండింటిలో ఏది అన్నది నిర్ణయించే హక్కు పరిశోధకునిది కాదు, కుటుంబానిది. గుర్తింపు నమోదుకావడం వేరు, ప్రదర్శితం కావడం వేరు అన్న భేదాన్ని స్థానిక ప్రదర్శనశాలలు పాటించాలి. ఒక కుటుంబం పేరు చెప్పి, దాన్ని బయటపెట్టవద్దంటే ఆ మాట కూడా చరిత్రలో భాగమే.

ఇతరత్రా అనుభవం – ప్రతిపాదన

ప్రదర్శనశాలల చిత్రాలను వారసుల చేతికి తీసుకువెళ్లిన ప్రయత్నాలు ఇతర దేశాల్లో జరిగాయి. 1925లో బియాట్రిస్ బ్లాక్‌వుడ్ కెనడాలోని కైనాయ్ ప్రజలను తీసిన 33 చిత్రాలు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉండేవి. మానవశాస్త్ర నమూనాలుగా తీసిన ఆ చిత్రాల ప్రతులను లారా పియర్స్, ఆలిసన్ బ్రౌన్ 2001 తరువాత కైనాయ్ పెద్దలకు చూపారు. పెద్దలు నమూనాలను చూడలేదు; బంధువులను చూశారు. పేర్లు చెప్పారు, బంధుత్వాలు చెప్పారు, ఆ బట్టలు ఎందుకు వేసుకున్నారో చెప్పారు. కెనడా జాతీయ గ్రంథాలయ, అభిలేఖాగారం 2002లో మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ నేమింగ్’లో ఇనూయిట్ యువకులు పాత చిత్రాలను తమ పెద్దల వద్దకు తీసుకువెళ్లి పేర్లు సేకరించారు. రెండు ప్రయత్నాల్లోనూ ఫలితం పేర్ల పట్టికతో ఆగలేదు. చిత్రం నెపంగా వృద్ధులూ యువకులూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు.

ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం కుదరదు. అక్కడ చిత్రాలు ఒక సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఇక్కడ చెల్లాచెదురై ఉన్నాయి. అక్కడ సమూహం ఒకటి, ఇక్కడ అనేకం. కనుక తెలుగు శాఖలు చేయదగిన పని కొంత భిన్నమైనది. మొదటిది, చిత్రాలను ఇళ్లలోనే ఉంచి ప్రతులు మాత్రం తీసుకోవడం. రెండవది, పాత వ్యాఖ్యను చెరపకుండా దాని పక్కన కుటుంబం చెప్పిన మాటను, చెప్పినవారి బంధుత్వంతో, తేదీతో, వారి మాటల్లోనే చేర్చడం. ఇద్దరు ఒకే ముఖానికి రెండు పేర్లు చెబితే రెండింటినీ ఉంచడం. మూడవది, తెలుగుతోపాటు ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాట్లాడేవారిని వారి భాషలోనే అడగడం. నాలుగవది, ముఖాల దగ్గర ఆగిపోకుండా పనిముట్టును, బట్టను, నిలబడిన చోటును అడగడం. ఎవరో తెలియని మనిషి ఏ విభాగంలో పనిచేశాడో అతని చేతిలోని పనిముట్టు చెప్పవచ్చు. ఆ విభాగంలో పనిచేసిన మరొకరికి అతని పేరు గుర్తుకు రావచ్చు.

ఈ పని చరిత్రశాఖదో పురావస్తుశాఖదో అన్న అభ్యంతరం రావచ్చు. చిత్రం కింది వాక్యం భాషావిషయం. వాక్యంలో కర్త ఎవరు, లోపించిన విభక్తి ఏది, ‘అంట’ అన్నప్పుడు వక్త ఎంత నిశ్చయంతో ఉన్నాడు అన్నవి భాషాసాహిత్య విద్యార్థి చదివి చెప్పగల విషయాలు. మౌఖిక సాహిత్య సేకరణలో ఐదారు దశాబ్దాలుగా మన శాఖలు గడించిన అనుభవం కూడా ఇందుకు ఉపకరిస్తుంది. పాటను సేకరించినప్పుడు పాడినవారి పేరు రాసుకునే అలవాటు మనకు స్థిరపడింది. చిత్రాన్ని సేకరించినప్పుడు చూసి చెప్పినవారి పేరు రాసుకునే అలవాటు ఇంకా స్థిరపడవలసి ఉంది.

ఉపసంహారం

బోధన్ చెరకు ప్రాంతపు ఛాయాచిత్రాల్లో శ్రామికుడు అదృశ్యంగా లేడు; అనామకంగా ఉన్నాడు. ఈ రెంటికీ తేడా ఉంది. అదృశ్యమైనవానిని ఊహించవలసి వస్తుంది. అనామకుని గురించి అడిగితే చాలు, అడగడానికి మనిషి మిగిలి ఉంటే. మారిషస్ రిజిస్టరు పేరును బలవంతంగా తీసుకున్నది. కర్మాగార చిత్రం పేరు అక్కరలేదనుకున్నది. డిచ్‌పల్లి చిత్రం పేరు అడగడానికి ముందు అనుమతి అడగాలని నేర్పుతున్నది. ఈ మూడు పాఠాలను కలిపి చదివినప్పుడు పేరు పట్టికలో నింపే గడి కాదనీ, చెప్పేవారికీ వినేవారికీ మధ్య కుదిరే నమ్మకమనీ తెలుస్తుంది. యంత్రాలు తుక్కుగా పోయినా కర్మాగారం లెక్కలు దస్త్రాల్లో ఉంటాయి. వెనుక వరుసలో ఎడమ నుంచి నాలుగవవాడు ఎవరో చెప్పగలిగిన వృద్ధురాలు షక్కర్‌నగర్‌లోనో, ఒక క్యాంపులోనో ఇప్పటికీ ఉండవచ్చు. ఆమెను అడిగే పరిశోధకుడు చిత్రవ్యాఖ్యలో లోపించిన ‘చేత’ను పూరించగలడు.